గొంగళి పురుగు కలిపిన పల్లె
ఏనెబావి వ్యవసాయ చరిత్ర – అందరికీ పనికివచ్చు పాఠములు



పెద్ద ఊళ్ళ చరిత్రలు పుస్తకములలో దొరకును. యాభై అరవై గడపలున్న పల్లె చరిత్రను వ్రాసినవారు తక్కువ. కాని వ్యవసాయము బాగుపడుటకు గాని, చెడుటకు గాని కారణములు తెలిసికొనవలెనన్న అట్టి చిన్న పల్లెను చూచుటే మేలు. అక్కడ ఏమి జరిగినదో, ఏల జరిగినదో స్పష్టముగా కనిపించును.

అట్టి పల్లెలలో ఏనెబావి ఒకటి. ఇది జనగామ జిల్లా లింగాలఘనపురం మండలములోనిది. 2016లో జిల్లాల విభజన జరుగుటకు ముందు వరంగల్ జిల్లాలో ఉండెడిది. ఇండ్లు యాభైకి కొంచెము అటు యిటు. సాగుభూమి సుమారు 280 ఎకరములు. ఇంత చిన్న పల్లె 2006 నాటికి తన పొలములన్నిటిలోను రసాయన ఎరువులు, పురుగుమందులు పూర్తిగా మానివేసి దేశమంతటా పేరు పొందినది. ఏదో మందు మానినందువలన వచ్చిన పేరని చాలమంది అనుకొందురు. అసలు సంగతి వేరు. ఊరంతా ఒకే రోజున ఒకే పని చేయుట ఆ పల్లె నేర్చుకొన్నది. దానిని నేర్పిన గురువు ఎవరో కాదు, ఎర్ర గొంగళి పురుగు!

నేల, నీరు, పంట

జనగామ ప్రాంతములో ఎక్కువ భాగము ఎర్ర చెలక నేలలు. పైమట్టి పలుచన, నీటిని ఎక్కువ కాలము పట్టి ఉంచలేదు. నదీ కాలువల నీరు తరతరాలుగా ఎరుగని సీమ. చెరువులు, కుంటలు, బావులే ఆధారము. బావి క్రింద కొంచెము వరి, కూరగాయలు. మిగిలిన చెలకలలో వానపై ఆధారపడి ఆముదము, జొన్న, కంది, పెసర వేయుట పూర్వమునుండి వచ్చిన అలవాటు. తరువాత ప్రత్తి వచ్చినది.

ఈ సీమ రైతు భూమి కొరకు ఎంత శ్రమపడినాడో మీకు తెలియనిది కాదు. 1946లో కడవెండిలో దొడ్డి కొమురయ్య ప్రాణములు కోల్పోయినది ఈ జనగామ ప్రాంతములోనే. 1951 వరకు సాగిన పోరాటము, 1949లో జాగీరుల రద్దు, 1950 నాటి కౌలుదారీ చట్టము, వీని ఫలితముగా దొరల పట్టు సడలి, చిన్న కమతముల రైతులు తమ చెలకలను తామే దున్నుకొను కాలము వచ్చినది. భూమి చేతికి వచ్చిన తరువాత ఇక చింత లేదని ఆనాటివారు తలచియుందురు. కాని పండిన పంట ఇంటికి వచ్చుటకు ముందే అప్పుల క్రింద పోవు కాలము మరొకటి తరువాత దాపురించినది. అది దొర గడినుండి రాలేదు. మందుల దుకాణము మీదుగా వచ్చినది.

పురుగు వచ్చు విధము

ఎర్ర గొంగళి పురుగును ఎరుగని చెలక రైతు ఉండడు. ఐనను దాని బ్రతుకు తీరును వరుసగా తెలిసికొనినవారు కొద్దిమంది. తెలిసికొనినచో దానిని ఎక్కడ పట్టవలెనో తెలియును.

వేసవి అంతయు ఈ పురుగు కోశస్థ దశలో నేలలో నిద్రించుచుండును. గట్ల వెంట, చెట్ల నీడలలో, జానెడు లోతు లోపల దీని కోశములు దొరకును. మృగశిర కార్తెలో మొదటి పెద్ద వాన పడి నేల తడిసిన కొలది రోజులలో రెక్కల పురుగులు ఒక్కుమ్మడిగా వెలుపలికి వచ్చును. ఇవి తెల్లని రెక్కలు గలవి. ముందు రెక్క అంచున పసుపు చార ఉండును. రాత్రివేళ ఎగురును, వెలుతురు కనిపించినచో దానివైపు పోవును.

ఒక్కొక్క తల్లి పురుగు ఆకుల అడుగున వందల కొలది గ్రుడ్లను గుంపుగా పెట్టును. మూడు నాలుగు రోజులలో పిల్లలు బయటికి వచ్చి, మొదట ఒకే ఆకు మీద గుంపుగా చేరి పచ్చదనమును గీకి తినును. ఆకు జల్లెడవలె అగును. పెరిగినకొద్దీ ఒంటినిండ ఎర్రని రోమములు వచ్చును. అప్పుడు దండు కదిలినట్లు ఒక చెలకనుండి మరొక చెలకకు నడచి పోవును. ఆముదము, కంది, పెసర, వేరుశనగ మొలకలు కాడలతో సహా మాయమగును. రైతు మరల విత్తనము కొని మరల విత్తవలెను. విత్తనము ఖర్చు రెట్టింపగును, అదను దాటిపోవును.

రెండు సంగతులు జ్ఞాపకముంచుకొనుడు. మొదటిది: బాగుగా పెరిగిన గొంగళి పురుగు ఒంటిపై రోమములు దట్టముగా నుండుటచేత చల్లిన మందు శరీరమునకు సరిగా తగలదు. పంట పోవుచున్నదన్న ఆత్రముతో ఆ దశలో చల్లిన మందులో చాల భాగము వృథా. రెండవది: ఇది ఏడాదికి సాధారణముగా ఒక తరము మాత్రమే పెంచు పురుగు. అందరును కలిసి ఒక యేడు దానిని గట్టిగా అదుపు చేసినచో మరుసటి యేటి బెడద తగ్గును.

మందుల కాలము

1980 తరువాత వరంగల్ సీమలో ప్రత్తి సాగు త్వరగా పెరిగినది. చేతికి రొక్కము తెచ్చు పంట గనుక చెలక రైతులు దానివైపు తిరిగిరి. ప్రత్తితోపాటు మందుల వాడుక పెరిగినది. మందు అమ్ము వ్యాపారియే అప్పు ఇచ్చును, ఏ మందు చల్లవలెనో అతడే చెప్పును, పంటను కూడ అతడే కొనును. ఒక మందు పనిచేయకున్న దానికంటె ఘాటైనది, అదియు పనిచేయకున్న రెండు మూడు కలిపి చల్లుట అలవాటైనది. పురుగులు మందులకు తట్టుకొను శక్తిని సంపాదించుకొనెను. వానిని తిను అక్షింతల పురుగులు, సాలీళ్ళు, పక్షులు మాత్రము నశించెను.

1997–98లో వరంగల్ జిల్లాలో లద్దె పురుగు, శనగపచ్చ పురుగు ప్రత్తిని నాశనము చేసినపుడు ఈ బాట ఎక్కడికి పోవునో అందరికి కనిపించినది. ఎన్నిమార్లు చల్లినను పురుగు చావలేదు. అప్పులు తీర్చు దారి లేక అనేకమంది రైతులు ప్రాణములు తీసుకొనిరి. వారిలో పలువురు త్రాగినది పురుగు కొరకు కొనిన ఆ మందునే. ఇంతకంటె చెప్పనక్కరలేదు.

ఏనెబావి రైతులు కూడ ఆ కాలమున అందరివలెనే మందులు కొనినవారు, అప్పులు చేసినవారు. వారికి ప్రత్యేకమైన నేల లేదు, ప్రత్యేకమైన నీరు లేదు.

ఊరంతా ఒక్క రాత్రి

1990 దశకము రెండవ సగములో జనగామలో పనిచేయు క్రాప్స్ అను స్వచ్ఛంద సంస్థవారు ఈ పల్లెకు వచ్చి, ఆముదపు చెలకలలో గొంగళి పురుగును మందు లేకుండ అదుపు చేయు పద్ధతులను రైతులకు చూపిరి. ఆ పద్ధతులలో కొత్తది ఏమియు లేదు. వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పినవే, పెద్దలు ఎరిగినవే. వానిని చేయు తీరులోనే తేడా ఉన్నది.

వేసవి దుక్కి: వేసవి జల్లు పడిన వెంటనే వాలునకు అడ్డముగా లోతు దుక్కి చేసినచో నేలలోని కోశములు పైకి వచ్చును. రోళ్ళను పగులగొట్టు రోహిణి ఎండకు కొన్ని చచ్చును. కొన్నిటిని కొంగలు, కాకులు, మైనాలు ఏరుకొని తినును.

మంటలు, దీపపు ఎరలు: తొలకరి పెద్ద వాన పడిన తరువాత కొన్ని రాత్రులు, ప్రొద్దు గూకినది మొదలు రాత్రి పదునొకండు గంటల వరకు, చెలకలలో అక్కడక్కడ చెత్త మంటలు వేయవలెను. లేదా దీపము క్రింద నీటి పళ్ళెము ఉంచి కొంచెము కిరసనాయిలు వేయవలెను. రెక్కల పురుగులు వచ్చి పడి చచ్చును. గ్రుడ్లు పెట్టకముందే ఒక తల్లి పురుగు చచ్చినచో వందల పిల్లలు పుట్టకుండ పోవును. ఇంత చౌకయైన మందు ఏ దుకాణములోను లేదు.

గ్రుడ్లను, పిల్లలను ఏరుట: వాన పడిన వారమునుండి మొక్కల ఆకుల అడుగును, గట్లపై కలుపును చూడవలెను. జల్లెడవలె కనిపించు ఆకును త్రుంచి నలిపివేయవలెను. ఒక ఆకులోనే వంద పురుగులుండును.

కందకము: పురుగు దండు నడచి రాకుండ చెలక చుట్టు అడుగు లోతు, జానెడు వెడల్పు గల కందకము త్రవ్వవలెను. దాని గోడలు నిట్టనిలువుగా ఉండవలెను. ఏటవాలుగా ఉన్నచో పురుగు ఎక్కి వచ్చును. కందకములోను, చెలకలోను జిల్లేడు, అడవి ఆముదము కొమ్మలు వేసినచో పురుగులు వానికి చేరును. ప్రొద్దున్నే ఏరి పూడ్చివేయవలెను.

ఇక అసలైన చిక్కు చూడుడు. ఒక రైతు తాను ఒక్కడే మంట వేసినాడనుకొనుడు. చుట్టుప్రక్కల చెలకలలోని రెక్కల పురుగులు కూడ అతని వెలుతురునకే వచ్చును. మంటలో పడనివి అతని చెలకలోనే గ్రుడ్లు పెట్టును. పదిమంది పురుగులను ఒక్కడు పిలిచినట్లగును! అట్లే ఒకడు కందకము త్రవ్వి, ప్రక్కవాడు త్రవ్వకున్న దండు ఆ ప్రక్కనుండి వచ్చును. ఒకడు దున్ని, గట్టు ఆవలివాడు దున్నకున్న కోశములు గట్టు క్రింద క్షేమముగా ఉండును. ఈ పనులలో ఏ ఒక్కటియు ఒంటరి రైతునకు ఫలించునది కాదు. అందరును చేసినచో ఖర్చు దాదాపు ఏమియు ఉండదు. కొందరే చేసినచో చేసినవానికే నష్టము.

ఏనెబావిలో గడపలు కొద్దియే గనుక ఒకచోట చేరి మాటలాడుకొనుట సులభమైనది. ఏ రాత్రి మంటలు వేయవలెనో అందరికి ఒక్క పూటలో తెలియును. ఎవరి చెలకలో మంట లేదో గట్టు మీద నిలిచి చూచినవారికి కనిపించును. పల్లె చిన్నదగుట వారికి లోపము గాక బలమైనది. మందు లేకుండ ఆముదము ఇంటికి వచ్చుట కన్నులార చూచిన తరువాత, చేయవచ్చునా చేయరాదా అను వాదములు తగ్గిపోయెను.

ఆముదమునుండి అన్ని పంటలకు

ఒక్క పురుగుతో మొదలైన పని అక్కడ ఆగలేదు. ఆముదములో మందు లేకుండ కుదిరినపుడు ప్రత్తిలో, వరిలో, కూరగాయలలో ఏల కుదరదని రైతులు ఆలోచించిరి. 2004లో హైదరాబాదులో ఏర్పడిన సుస్థిర వ్యవసాయ కేంద్రము కూడ సలహాలతో తోడ్పడినది. వేపగింజల కషాయము, పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయము, పసుపు రంగు జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు, పక్షులు వాలుటకు పంగల కర్రలు, గట్ల వెంట బంతి, ఆముదము ఎర పంటలు, ఇవి వాడుకలోనికి వచ్చెను. తరువాత యూరియా, డి.ఏ.పి. వంతు వచ్చినది. వాని స్థానములో పశువుల పెంట, చెరువు పూడిక మట్టి, వర్మి కంపోస్టు, పచ్చిరొట్ట వచ్చెను.

2006 నాటికి ఊరిలోని భూమి అంతయు రసాయనములు లేని సాగులోనికి వచ్చినది. ఆ పల్లెవారు మరియొక నిర్ణయము కూడ చేసికొనిరి: జన్యుమార్పిడి విత్తనములు వేయరాదని. ఇది ప్రభుత్వ ఆజ్ఞ కాదు; ఊరివారు తమకు తాము పెట్టుకొనిన కట్టుబాటు. రాత్రివేళ మంటల కొరకు ఒక్కటైన పల్లె గనుకనే ఇంత పెద్ద కట్టుబాటునకు నిలువగలిగినది.

ఇది ఒక్క ఏనెబావి కథ మాత్రమే కాదు. ఖమ్మం సీమలోని పునుకుల గ్రామము కూడ ఆ సంవత్సరములలోనే పురుగుమందులు మానినది. వీనిని చూచి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘముల ద్వారా ఇదే బాటను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యాపింపజేసినది. 2008–09 నాటికి మూడు లక్షలకు పైగా రైతులు అందులో చేరిరి.

తొందరపడరాదు

మంచిని చెప్పునపుడు కష్టమును దాచుట న్యాయము కాదు. కావున ఈ క్రింది సంగతులు గమనించుడు.

ఏళ్ళ తరబడి యూరియా తిన్న నేలకు ఒక్కసారిగా దానిని ఆపినచో మొదటి రెండు మూడు పంటలలో దిగుబడి తగ్గవచ్చును. నేలలో సేంద్రియ పదార్థము పెరుగుటకు కాలము పట్టును. అందుచేత మొదట పురుగుమందులు మాని, నేలకు పెంట, పూడిక మట్టి తోలుకొనుచు, క్రమముగా ఎరువులు తగ్గించుట మేలు. ఏనెబావివారు చేసినది ఈ వరుసనే. మొదటి ఆముదపు చెలకనుండి ఊరంతటి కట్టుబాటు వరకు ఎన్నో ఏండ్లు పట్టినది.

పశువులు లేనిదే ఈ సాగు నడువదు. ఇంట ఎద్దులు, ఆవులు అమ్ముకొనినవారికి పెంట కొనవలసివచ్చును. ఆడవారికి పని పెరుగును. ఆకులు ఏరుట, కషాయములు కాచుట, కలుపు తీయుట ఎక్కువగా వారి చేతిమీదుగానే సాగును. వారిని అడుగక చేసిన నిర్ణయము నిలువదు. కౌలు రైతునకు మరొక చిక్కు: మూడేండ్లు నేలను బాగుచేసిన తరువాత ఆ కౌలు తనకే ఉండునో లేదో అతనికి తెలియదు. భూమిగలవారు కౌలు గడువు పెంచుట ధర్మము.

మందు లేని పంటకు సాధారణ మార్కెట్టులో ఎక్కువ ధర దానంతట అది రాదు. ఒకరి పొలమును మరొకరు తనిఖీ చేసి సామూహికముగా హామీ యిచ్చు పి.జి.ఎస్. పద్ధతి చిన్న రైతులకు అందుబాటులోనున్నది. ధర సంగతి ఎట్లున్నను, మందుల ఖర్చు, దానిపై వడ్డీ మిగులుట మాత్రము మొదటి యేడే చేతికి వచ్చు లాభము.

మీ ఊరిలో ఎట్లు మొదలుపెట్టవలెను?

1. వైశాఖ మాసములోనే సమావేశము పెట్టుకొనుడు. ఊరంతా రానక్కరలేదు. ఒకదానికొకటి ఆనుకొనియున్న చెలకల రైతులు ఇరువది మంది వచ్చినను చాలును. ఎక్కడెక్కడో ఉన్న ఏబదిమంది కంటె ఒకే గట్టున ఉన్న ఇరువది మంది మేలు.

2. ఒక్క పురుగును ఎంచుకొనుడు. చెలకలలో గొంగళి పురుగు, ప్రత్తిలో గులాబి రంగు కాయ పురుగు, ఏది మీకు పెద్ద బెడదయో అదియే. అన్నిటిని ఒక్కసారి మొదలుపెట్టవలదు.

3. వేసవి జల్లునకు అందరును ఒకే వారములో దున్నుడు. అరక లేనివారికి ఉన్నవారు బదులు పనికి దున్ని పెట్టుడు.

4. మంటల రాత్రులకు వంతులు వేసికొనుడు. తొలకరి వాన పడిన మరునాడు ఎవరు చాటింపు వేయవలెనో ముందే నిర్ణయించుడు.

5. వేపగింజలను వేసవి చివరననే ఏరి నీడన ఆరబెట్టుడు. కావలసినపుడు 5 కిలోల గింజల పప్పును పొడిచేసి, 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, గుడ్డతో వడగట్టి, మొత్తము 100 లీటర్లు అగునట్లు నీరు చేర్చి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, సాయంత్రపు వేళ చల్లుడు. ఇది చిన్న పురుగులపై పనిచేయును. రోమములు వచ్చిన పెద్ద పురుగులకు కందకము, ఏరివేతయే దారి.

6. ఖర్చుల లెక్క వ్రాయుడు. క్రిందటి యేడు మందులకు ఎంత అయినదో, ఈ యేడు ఎంత అయినదో ప్రక్కప్రక్కన వ్రాసి రచ్చబండ దగ్గర చదివి వినిపించుడు. వంద ఉపన్యాసములకంటె ఆ కాగితము ఎక్కువ పని చేయును.

గ్రామాధికారులకు ఒక మాట

పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు ఇందులో చేయదగినది చాలయున్నది. ఒక ఆదర్శ రైతును పిలిచి పద్ధతి చూపుట కంటె, ఒక గట్టు మీది రైతులనందరిని ఒకచోట కూర్చుండబెట్టుట ముఖ్యము. కొన్ని పనులు ఒకరి పొలములో చూపినచో ఫలించును. కొన్ని పనులు చెలకలన్నిటిలోను జరుగనిదే ఫలింపవు. పురుగును అదుపు చేయుట, చెరువు పూడిక తీయుట, నీటిని పంచుకొనుట రెండవ రకమునకు చెందినవి. వీనిని ఒక్కొక్క రైతునకు విడివిడిగా బోధించి, ఫలించకున్న రైతునే తప్పు పట్టుట పొరపాటు. తొలకరికి ముందు చెలకల వారీగా సమావేశములు జరిపించుడు. పూడిక మట్టి తోలుటకు పథకములేవి వర్తించునో రైతులకు తెలుపుడు. దీపపు ఎరలు, లింగాకర్షక బుట్టలు అదనుకు ముందే ఊరికి చేరునట్లు చూడుడు. జూలై చివర వచ్చిన దీపపు ఎర గొంగళి పురుగునకు పనికిరాదు.

రైతు సోదరులారా! మీ చెలక గట్టు ఆవలివాడు మీ దాయాది కావచ్చును, మీతో మాట లేనివాడు కావచ్చును. పురుగునకు ఆ సంగతి తెలియదు. అది గట్టు దాటి వచ్చును. దానిని ఆపవలెనన్న మీరును గట్టు దాటి పోయి అతనిని పలుకరింపవలెను. ఈ యేడు రోహిణి కార్తె రాకముందే ఆ పని చేయుడు.